మా మర్హూములు, మీ కీర్తిశేషులు

చనిపోయినవాళ్ల పేరు ముందు తెలుగులో 'కీర్తిశేషులు' అని రాస్తారు. కీర్తి మాత్రమే మిగిలినవాళ్లు అని అర్థం. ఉర్దూలో పేరు తర్వాత 'మర్హూం' అని రాస్తాం. అల్లా దయకు నోచుకున్నవాడు అని. రెండు భాషల్లోనూ వార్తలు రాసి బతికే మాకు ఈ రెండు మాటలూ రోజూ చేతికి తగిలేవే.

ఉస్మానియా యూనివర్సిటీలో పనిచేసి రిటైరైన ఒక ఉర్దూ ఉస్తాదు పోయారు. మయ్యత్ నుంచి వచ్చి రెండు వార్తలు రాశాం. ఉర్దూ పత్రికలో ఫొటోతో వచ్చింది. తెలుగు పత్రికలో రాలేదు. అడిగితే, 'ఆయనెవరో మన పాఠకులకు తెలీదు కదా' అన్నారు. ఆ 'మన'లో మేం లేమని అప్పుడర్థమైంది. తర్వాత తెలుగు శాఖలో రిటైరైన పెద్దాయన పోతే ఉర్దూ పత్రికకూ వార్త ఇచ్చాం. అదీ రాలేదు. ఒకే కాలేజీ మెట్లెక్కి దిగిన ఇద్దరి చావు రెండు లిపుల మధ్య చీలిపోయింది.

ఉస్మానియా 1918లో మొదలైంది. పై చదువులన్నీ ఇంగ్లీషులోనే సాగుతున్న దేశంలో ఉర్దూను బోధనాభాష చేసిన యూనివర్సిటీ అది. అందుకోసం 1917లోనే దారుల్ తర్జుమా పెట్టారు. గణితం, చరిత్ర, న్యాయం, వైద్యం పుస్తకాలు అక్కడ ఉర్దూలోకి వచ్చాయి. పారిభాషిక పదాల కోసం పండితులు కూర్చుని ఒక్కో మాట మీద వాదించుకున్నారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాన్ని నడిపారు. కవి జోష్ మలీహాబాదీ అందులో పనిచేశారు. దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమేనని చూపిన ఆ పని, మాతృభాషలో చదువు గురించి ఇవాళ మాట్లాడే తెలుగువాళ్లలో ఎందరికి గుర్తుంది?

అక్కడ చదివిన మఖ్దూం మొహియుద్దీన్‌ను తెలుగువాళ్లు మరువలేదు. కార్మికుల మధ్య బతికి 1969లో పోయిన ఆయన్ని ఎర్రజెండా రెండు భాషల్లోనూ కాపాడింది. అదే 1908లో పుట్టిన మహమ్మద్ హమీదుల్లా సంగతేమిటి? ఉస్మానియాలో చదివి, అక్కడే అంతర్జాతీయ న్యాయం బోధించి, 1948 తర్వాత పారిస్‌లో ఉండిపోయి, ఖురాన్‌ను ఫ్రెంచిలోకి తెచ్చి, 2002లో అమెరికాలో కన్నుమూశారు. దక్కనీ సాహిత్యాన్ని వెలికితీసిన, 1931లో ఇదారె అదబియాతె ఉర్దూ స్థాపించిన మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1962లో శ్రీనగర్‌లో పోయారు. దక్కన్ చరిత్ర రాసిన హారూన్ ఖాన్ షేర్వానీ 1980 దాకా ఉన్నారు. బహమనీలు, కుతుబ్‌షాహీల గురించి చదివే తెలుగు విద్యార్థి ఆయన పరిశోధన మీదే నడుస్తాడు. పేరు మాత్రం ఎరగడు.

అయితే మా వేలు మావైపు కూడా తిప్పుకోవాలి. ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగు. వాళ్ల పిల్లలకు ఉర్దూ కూడా పరాయి గోడే అయింది. 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థుల్ని వెళ్లగొట్టారు. చాలామంది నాగపూర్ పోయి చదువుకున్నారు. ఆ గాయాన్ని దాచి మా మర్హూముల కోసం కన్నీళ్లడిగితే అది న్యాయం కాదు. రాయప్రోలు సుబ్బారావు అదే ఉస్మానియాలో తెలుగు చెప్పారు, 1984లో కన్నుమూశారు. ఆయన్ని మా ఉర్దూ మహఫిళ్లలో ఎన్నిసార్లు తలచుకున్నాం?

ఇంకో మాట. ఉస్మానియా అనగానే మమ్మల్ని నవాబుల వారసుల్ని చేస్తారు. మా తాతలు దూది ఏకారు, జట్కా తోలారు, పంక్చర్లు వేశారు. ఉర్దూ రాజభాషగా ఉన్నప్పుడు కూడా మా పల్లెల్లో చదువు లేదు. అది మీడియంగా పోయాక మాత్రం పోగొట్టుకున్నవాళ్ల జాబితాలో మా పేరే రాశారు. ఉన్నప్పుడు వాటా లేదు, పోయినప్పుడు నింద ఉంది.

అందుకే మేం గుర్తుచేసుకునే మర్హూముల్లో ప్రొఫెసర్లొక్కరే ఉండరు. హాస్టల్ బావర్చీలున్నారు. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు జిల్దు కట్టిన దఫ్తరీలున్నారు. దారుల్ తర్జుమా పేజీలను అచ్చు కోసం చేత్తో రాసిన కాతిబులున్నారు. వాళ్ల చేతిరాత ఇంకా ఆ పుస్తకాల్లో ఉంది. పేర్లు లేవు. వీళ్లకు ఉర్దూ పత్రికలోనూ ఫొటో రాలేదు.

ఉర్దూ తెలిసిన ఆ తరం ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్లతో పాటు ఆ పుస్తకాలు చదవగలిగే కళ్లూ పోతున్నాయి. మా పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, బళ్లో తెలుగో ఇంగ్లీషో రాస్తారు. తాత ఉత్తరాన్ని వాళ్లు చదవలేరు. కాబట్టి ఈ పేర్లను ఇప్పుడు తెలుగులో రాయాల్సిందే, మేమే రాయాలి. దయ సంగతి అల్లా చూసుకుంటాడు. కీర్తి మిగలడం మాత్రం రాసేవాళ్ల చేతుల్లో ఉంది.