మింగుడు కణం పుట్టుపూర్వోత్తరాలు

1882 డిసెంబరు. సిసిలీ దీవిలోని మెసీనా. ఇంటిల్లిపాదీ సర్కస్‌లో కోతుల ఆట చూడబోతే జంతుశాస్త్రవేత్త ఇలియా మెచ్నికాఫ్ ఒక్కడే మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. నక్షత్రచేప లార్వా ఒళ్లు గాజులా ఉంటుంది. లోపల కణాలు కదలడం బయటికే తెలుస్తుంది. పెరట్లోంచి గులాబీ ముళ్లు తెచ్చి దానికి గుచ్చాడు. ఆత్రంతో రాత్రి నిద్రపట్టలేదు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి, దాన్ని మింగేద్దామన్నట్టు! నేడు మాక్రోఫేజ్ అని పిలుస్తున్న మింగుడు కణం కథకు అదే నాంది. 1908లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఆ ముల్లు ప్రయోగానికి 19 ఏళ్ల ముందే, 1863లో, జర్మనీలో వైద్యుడు రుడాల్ఫ్ విర్ఖో క్యాన్సర్ కణితుల్లో తెల్లరక్తకణాలను గమనించాడు. ఏళ్ల తరబడి వాపు తగ్గనిచోట కణితి పుడుతుందని ఆయన అనుమానం. ఆ విర్ఖోయే తర్వాత మెసీనా వచ్చి మెచ్నికాఫ్ ప్రయోగాలు చూశాడు. మెచ్చుకున్నాడు, తొందరపడొద్దనీ హెచ్చరించాడు. రోగాన్ని అడ్డుకునే కణమే కణితికి కొమ్ముకాస్తుందని తేలడానికి మాత్రం దాదాపు నూరేళ్లు పట్టింది.

కడుపు విషయంలో వాపుకూ కణితికీ ఉన్న ఆ ముడి విప్పింది ఆస్ట్రేలియాలోని పెర్త్. అంత ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకదని అప్పటి వైద్యుల నమ్మకం. 1982 ఈస్టర్ సెలవుల వల్ల డాక్టర్లు రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ రోగుల కడుపు పొర ముక్కలు వేసి ఉంచిన ప్లేట్లు ఇంక్యుబేటర్‌లో మామూలుకన్నా ఎక్కువ రోజులు ఉండిపోయాయి. తీసి చూస్తే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా పెరిగి ఉంది. లోకం నమ్మకపోయేసరికి 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగేశాడు. వాంతులయ్యాయి. ఎండోస్కోపీలో కడుపు పొర వాచి కనిపించింది. 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ బ్యాక్టీరియాను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

ఈ బ్యాక్టీరియా సాధారణంగా చిన్నతనంలోనే చేరి, మందులు పడకపోతే దశాబ్దాలు తిష్ఠ వేస్తుంది. మాక్రోఫేజ్‌లు మింగినా పూర్తిగా చంపలేవు. పోరు ఆగదు. శత్రువు మీద చల్లే ఘాటు ఆక్సిజన్ రసాయనాలు పక్కనున్న మన కణాల డీఎన్‌ఏనూ దెబ్బతీస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ కడుపు పొర పలచబడి, పేగు పొరలా మారి, కొద్దిమందిలో క్యాన్సరవుతుంది.

కణితి కుదురుకున్నాక అసలు చిక్కు. అది పంపే సంకేతాలకు రక్తంలోని మోనోసైట్లు వచ్చి, అక్కడ మాక్రోఫేజ్‌లుగా మారతాయి. కొత్త రక్తనాళాలు మొలిపిస్తాయి, కణాలు పెరిగేలా చేసే రసాయనాలు అందిస్తాయి, క్యాన్సర్ కణాన్ని చంపాల్సిన టీ కణాల నోరు నొక్కుతాయి. కంచే చేను మేసిందనబుద్ధేస్తుంది. నాకైతే ఆ నింద అన్యాయమనిపిస్తుంది. గాయం తగిలినచోట ఈ కణాలు చేసే మరమ్మతు పని ఇదే. కణితి తనను మానని గాయంగా చూపించి ఆ పనే చేయించుకుంటుందని 1986లో హెరాల్డ్ డ్వొరాక్ రాశాడు. వీటికి తోడు రోగనిరోధక శక్తికి బ్రేకులు వేసే రెగ్యులేటరీ టీ కణాలూ కణితిలో పోగవుతాయి. వాటిని 1995లో గుర్తించిన షిమోన్ సకగుచికి 2025 నోబెల్‌లో వాటా దక్కింది.

అన్ని కడుపు క్యాన్సర్లూ ఒకటి కావు. 2014లో అమెరికా క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ బృందం 295 కణితులను పరీక్షించి నాలుగు రకాలుగా విడదీసింది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉన్న రకంలో, డీఎన్‌ఏ తప్పులు దిద్దుకోలేని రకంలో టీ కణాలు గుంపులుగా ఉంటాయి, బ్రేకు పడి ఆగిపోయి. ఆ బ్రేకుల్లో ఒకటైన పీడీ-1ను 1992లో క్యోటోలో తసుకు హొంజో బృందం కనిపెట్టింది. దాన్ని వదులు చేసే నివోలుమాబ్ అనే మందును 2017లో జపాన్ కడుపు క్యాన్సర్‌కు అనుమతించింది. అందరికీ పనిచేయదు. మాక్రోఫేజ్‌లను దారికి తెచ్చే మందులు ఇంకా ప్రయోగాల్లోనే ఉన్నాయి.

హెలికోబాక్టర్‌ను మాత్రం శ్వాస పరీక్షతోనో మల పరీక్షతోనో పట్టుకోవచ్చు, రెండు వారాల మందులతో చాలామందిలో వదిలించవచ్చు. గ్యాస్ ట్రబులే కదా అని నెలల తరబడి మెడికల్ షాపు మాత్రలతో నెట్టుకొస్తున్నవాళ్లు, ముఖ్యంగా బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా, వెంటనే డాక్టరుకు చూపించుకోండి.