రేవు దాటడానికి రెండు దారులు

నరసాపురంలో మాధవాయిపాలెం రేవు దగ్గర పంటు ఎక్కితే అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. పావుగంట కూడా పట్టని ప్రయాణం. నేను మాత్రం చాలా ఏళ్ళు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేవాణ్ణి. వంతెన రాకముందైతే సిద్ధాంతం దాకా పోయి, రావులపాలెం మీదుగా ఇంకా పెద్ద చుట్టు. కారణం చెప్పుకోవడానికి సిగ్గు. తొమ్మిదేళ్ళప్పుడు మేనమామగారి ఊరు వెళ్తుంటే నది మధ్యలో మా నాటుపడవ ఒక పక్కకి ఒరిగి, నీళ్ళు లోపలికొచ్చాయి. ఎవరికీ ఏమీ కాలేదు. పడవవాడు నీళ్ళు తోడి పోస్తూ "ఏం కాదండీ, ఆయ్, రోజూ ఉండేదే" అన్నాడు. అతనికి రోజూ ఉండేదే. నాకు మాత్రం ఆ రోజు నుంచి గోదావరి మీద పడవంటే కాళ్ళు చల్లబడిపోయేవి.

ఒక సాయంత్రం సఖినేటిపల్లి అవతల ఉండే మా అక్క ఫోన్ చేసింది. బావగారికి గుండెల్లో నొప్పి, వెంటనే రమ్మని. రేవులో పంటు సిద్ధంగా ఉంది. ఎక్కలేకపోయాను. చుట్టు తిరిగి వెళ్ళేసరికి, పక్కింటివాళ్ళ సాయంతో అక్కే ఆయన్ని అమలాపురం తీసుకెళ్ళిపోయింది. బావగారు బతికారు. అక్క నన్ను ఒక్క మాటా అనలేదు. నేనే వైద్యం కోసం బయల్దేరాను.

రాజమండ్రిలో ఒక డాక్టరుగారు నా కథ పూర్తిగా వినలేదు. ఒక కాగితం ఇచ్చి భయాన్ని మెట్లుగా రాయమన్నారు: రేవు ఒడ్డున నిలబడటం, కట్టేసిన పంటులో కాలు పెట్టడం, కదలని పంటులో పది నిమిషాలు కూర్చోవడం, ఆఖరికి దాటడం. కొన్నేళ్ళ తరవాత కలిసిన ఇంకో ఆవిడ కాగితమేమీ ఇవ్వలేదు. "పంటు ఎక్కితే సరిగ్గా ఏం జరుగుతుందని మీ నమ్మకం?" అని అడిగారు. ఈ ఇద్దరి మధ్య ఉన్నది పద్ధతుల తేడా మాత్రమే కాదు, దాదాపు వందేళ్ళ చరిత్ర ఉన్న తగాదా అని నాకు తరవాత తెలిసింది. ఆ తగాదా గురించి చదువుతున్నంతసేపూ నాకు మా రాజమండ్రి మనిషి ఒకాయన గుర్తొస్తూ ఉండేవారు.

ఆయన కందుకూరి వీరేశలింగం. 1848లో రాజమండ్రిలో పుట్టారు. కేశవచంద్ర సేన్ పుస్తకాలు చదివి, దయ్యాలూ భూతాలూ లేవన్న నిశ్చయానికి వచ్చారు. కోరంగిలో, ధవళేశ్వరంలో పంతులుగా పనిచేశారు. 1874లో 'వివేకవర్ధని' మొదలుపెట్టి మూఢనమ్మకాల మీద కలం ఝళిపించారు. అయితే రాసి ఊరుకోలేదు. దయ్యాలు లేవని జనానికి నమ్మకం కలిగించడానికి అర్ధరాత్రి శ్మశానానికి వెళ్ళేవారని, ఇతరుల్ని కూడా తీసుకెళ్ళేవారని ఆయన జీవితకథ చెప్తుంది. అంటే ఒక చేత్తో వాదన, ఇంకో చేత్తో అనుభవం. పంతులుగారు ఈ రెండిటికీ వేరువేరు పేర్లు పెట్టలేదు. పేర్లు పెట్టినవాళ్ళు తరవాత వచ్చారు.

మనస్తత్వ శాస్త్రం మనకి ఎక్కువగా సాహిత్యం దారిన వచ్చింది. ఏలూరులో పుట్టిన బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' చదివిన తరానికి సైకాలజీ అంటే ఫ్రాయిడ్, తల్లి, బాల్యం, పైకి చెప్పుకోలేని కోరిక. ఆ ఫ్రాయిడ్‌కి ఎదురు తిరిగిన రెండు పాయలు మాత్రం మన నవలల్లోకి పెద్దగా పారలేదు. గోదావరి ధవళేశ్వరం దాటాక పాయలుగా విడిపోతుంది. ఈ రెండు పాయలు విడివిడిగా పుట్టి, పోట్లాడుకుంటూ వచ్చి కలిశాయి.

మొదటిది ప్రవర్తన పాయ. 1913లో అమెరికాలో జాన్ వాట్సన్ మనసు లోపల ఏముందో మనకక్కర్లేదు, కంటికి కనిపించే ప్రవర్తన చాలు అని ప్రకటించాడు. 1920లో రోజలీ రేనర్‌తో కలిసి ఒక పసివాడికి తెల్ల ఎలుకంటే భయం నేర్పాడు. ఎలుక కనిపించినప్పుడల్లా వెనకనుంచి ఇనప కడ్డీ మీద సుత్తితో మోత. ఈ రోజు అలాంటి ప్రయోగానికి ఎవరూ ఒప్పుకోరు. భయం నేర్పవచ్చంటే మాన్పించనూ వచ్చు కదా? 1924లో మేరీ కవర్ జోన్స్ ఆ పని చేసింది. కుందేలంటే భయపడే పీటర్ అనే పిల్లాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలుని కొంచెం కొంచెంగా దగ్గరికి తెచ్చింది. చివరికి వాడు దాన్ని చేత్తో నిమిరాడు.

దాన్ని పద్ధతిగా మలిచినవాడు దక్షిణాఫ్రికా డాక్టరు జోసెఫ్ వోల్పే. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేసి, తర్వాత పిల్లుల మీద ప్రయోగాలు చేసి, 1958లో పుస్తకం వేశాడు. ఒళ్ళు వదులు చేసుకోవడం నేర్చుకో, భయాల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా వరసపెట్టు, ఒక్కో మెట్టూ ఎక్కు. రాజమండ్రి డాక్టరుగారి కాగితానికి మూలం అదీ. ఈ పాయవాళ్ళ దృష్టిలో నేను పంటు గురించి ఏం ఆలోచిస్తున్నానన్నది ముఖ్యం కాదు. నా కాళ్ళు ఎటు నడుస్తున్నాయన్నదే ముఖ్యం.

రెండో పాయ ఆలోచనది. దీన్ని మొదలుపెట్టిన ఇద్దరూ ఫ్రాయిడ్ మార్గంలో శిక్షణ పొందినవాళ్ళే. న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఎల్లిస్ 1955 ప్రాంతంలో ఆ మార్గం వదిలేశాడు. మనల్ని బాధపెట్టేది జరిగిన సంగతి కాదు, దాని గురించి మనం పెట్టుకున్న నమ్మకం అని వాదించాడు. ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్, దిగులు జబ్బుతో వచ్చిన రోగుల మనసుల్లో ఒక సన్నటి మాట నిరంతరం నడుస్తుంటుందని గమనించాడు. 'నేను దేనికీ పనికిరాను, ఇది ఎప్పటికీ బాగుపడదు.' రోగి దాన్ని ఆలోచన అనుకోడు, నిజం అనుకుంటాడు. ఆ మాటని పట్టుకుని, దానికి రుజువేమిటి అని రోగితోనే అడిగించడం బెక్ పద్ధతి. 1977లో అతని బృందం తమ పద్ధతిని దిగులుకి వాడే మందుతో పోటీకి నిలిపింది. ఫలితం ఆలోచనా చికిత్స వైపు మొగ్గింది. 1979లో వచ్చిన వాళ్ళ పుస్తకం ఈ చికిత్సకి పాఠ్యగ్రంథమైంది.

తగాదా ఇక్కడే. ప్రవర్తన పక్షం అంటుంది: నడక మారితే ఆలోచన దానంతటదే మారుతుంది. ఆలోచన పక్షం అంటుంది: ఆలోచన మారకుండా నడిచిన నడక నిలవదు.

చరిత్రలో తమాషా ఏమిటంటే, ఎల్లిస్ తన భయాన్ని పోగొట్టుకున్నది వాదనతో కాదు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఆడవాళ్ళతో మాట్లాడాలంటే వణికిపోయేవాడు. బ్రాంక్స్ వృక్షోద్యానంలో బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న ప్రతి స్త్రీ పక్కనా కూర్చుని మాట కలపాలని పందెం వేసుకున్నాడు. సుమారు నూరు మందితో మాట్లాడాడు. ఒక్కామె కలుసుకుందామంది, ఆమె కూడా రాలేదు. కాని ఎవరూ తన్ని కొట్టలేదు, పోలీసుల్ని పిలవలేదు. భయం పోయింది. ఇది తనే చెప్పుకున్న కథ. ఆలోచనా చికిత్స పితామహుడు తన శ్మశానానికి తన కాళ్ళ మీదే వెళ్ళొచ్చాడన్నమాట.

1996లో సియాటిల్‌లో నీల్ జేకబ్సన్ బృందం బెక్ చికిత్సని విడదీసి చూసింది. దిగులుతో ఉన్న 150 మందిలో కొందరికి ప్రవర్తన భాగం మాత్రమే ఇచ్చారు. అంటే మంచం దిగడం, మానేసిన పనులు మళ్ళీ మొదలుపెట్టడం. ఇంకొందరికి ఆలోచనల్ని సరిదిద్దే భాగం కూడా కలిపి ఇచ్చారు. ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ పాఠం మన దేశానికీ పనికొచ్చింది. గోవాలో విక్రమ్ పటేల్ బృందం, మానసిక వైద్యంలో డిగ్రీలేవీ లేని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 495 మంది రోగుల మీద ఇలాంటి ప్రవర్తన చికిత్సని పరీక్షించి, 2017లో మంచి ఫలితం చూపించింది. డాక్టర్లు తక్కువున్న చోట ఇది చిన్న సంగతి కాదు.

అయితే ప్రవర్తన పక్షమే గెలిచిందా? నా అనుభవం అలా చెప్పదు. రాజమండ్రి డాక్టరుగారి మెట్లన్నీ ఎక్కాను. పంటు దాటడం మొదలుపెట్టాను. రెండేళ్ళలో నలభై యాభై సార్లు దాటి ఉంటాను. భయం అంగుళం కూడా తగ్గలేదు. డాక్టరుగారి లెక్క ప్రకారం అది ఎప్పుడో అరిగిపోవాలి.

ఆ రెండో ఆవిడ ప్రశ్నతో సంగతి బయటపడింది. "ఇన్నిసార్లు దాటారు కదా, మునగలేదు కదా, ఎందుకంటారు?" నా నోటి నుంచి నాకే తెలియకుండా జవాబొచ్చింది: "గట్టిగా పట్టుకున్నాను కాబట్టి." పంటు ఎక్కినప్పుడల్లా సరిగ్గా మధ్యలో నిలబడి, ఇనప కమ్మీ రెండు చేతుల్తో పట్టుకుని, అవతలి ఒడ్డు వచ్చేదాకా నీళ్ళకేసి చూసేవాణ్ణి కాదు. అన్ని టన్నుల పంటుని నేనే నా చేతుల్తో ముంచకుండా కాస్తున్నానని లోపల నమ్మకం. ఆవిడ నవ్వలేదు. "ఈసారి చేతులు వదిలేసి, అంచు దగ్గర నిలబడి చూడండి" అన్నారు.

ఈ పట్టుకి ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు పాల్ సాల్కోవ్‌స్కిస్ 1991లో వివరణ ఇచ్చాడు. భయస్తుడు ప్రమాదాన్ని ఆపుతుందని నమ్మి చేసే చిన్న చిన్న రక్షణలే, ఆ ప్రమాదం అసలు లేదని తెలుసుకోనివ్వకుండా అడ్డుపడతాయని. మన భాషలో చెప్పాలంటే తాయెత్తు. వీరేశలింగం వెంట శ్మశానానికి వెళ్ళినవాడు చొక్కా కింద తాయెత్తు కట్టుకుని వెళ్ళాడనుకోండి. తెల్లారి క్షేమంగా తిరిగొచ్చి ఏమంటాడు? దయ్యాలు లేవనడు, తాయెత్తు బలమైనదంటాడు. నడక అతన్ని శ్మశానం దాకా తీసుకెళ్ళింది. అక్కడ తాయెత్తు విప్పించాలంటే మాట కావాలి. విప్పాక ఏమవుతుందో చూడాలంటే మళ్ళీ నడకే కావాలి. రెండు చికిత్సలూ కలిసి ఒకే పేరు కిందకి రావడానికి కారణం ఇదేనని నాకు అర్థమైంది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ప్రతి భయమూ దయ్యం భయం కాదు. 1879లో పంతులుగారు వితంతు వివాహాల మీద ఉపన్యాసాలిచ్చారు, పండితులతో వాదించారు. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో మొదటి పెళ్ళి జరిపించారు. దానికి వచ్చినవాళ్ళు భయపడింది వెలివేతకి. ఆ వెలి నిజంగానే వచ్చింది. అక్కడ 'నీ ఆలోచన తప్పు' అంటే అబద్ధమవుతుంది. అక్కడ కావాల్సింది తోడు నిలబడే మనుషులు. భయం భ్రమా కాదా అని ముందు తేల్చుకోకపోతే ఏ చికిత్సయినా బాధితుణ్ణే తప్పుపట్టడంగా మారుతుంది.

గోదావరి కూడా అంతే. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల మంది పోయారు. ఆ వారం నా భయం మొత్తం తిరిగొచ్చింది. మాసిన భయం చెరిగిపోదని, అదను చూసి మళ్ళీ లేస్తుందని పావ్లోవ్ కాలం నుంచీ తెలిసిన సంగతే. వరద ఉన్నప్పుడు, జనం కిక్కిరిసినప్పుడు ఎక్కకపోవడం జబ్బు కాదని ఇప్పుడు నాకు తెలుసు. నీళ్ళు నిలకడగా ఉన్న రోజు ఎక్కకపోవడమే జబ్బు.

మొన్న అక్క దగ్గరికి పంటు మీదే వెళ్ళాను. అంచు దగ్గర, చేతులు వదిలేసి నిలబడ్డాను. గుండె దడదడలాడుతూనే ఉంది. ఎదురుగా రేవులో అక్క నిలబడి ఉంది. దిగగానే "చుట్టు తిరిగి వస్తావేమో, ఇంకా ఆలస్యమవుతుందనుకున్నాన్రా" అంది.