వెనీలానా, పీచుమిఠాయా?

పెళ్లి బట్టలకని మొన్న ప్రొద్దుటూరుకు పోయినాం. చీరలు ముగిసినాక మా పాప సెంటు అంగట్లో ఆగింది. రెండు మణికట్లకూ రెండు రకాలు కొట్టించుకుని, "ఏది బాగుందో చెప్పు మా" అంది. ఒకటి వెనీలా, ఇంకొకటి అచ్చం తిరునాళ్ల పీచుమిఠాయి! "తినే వాసనలు ఒంటికి పూసుకుంటారేమే?" అని నవ్వి, రాత్రికి చెప్తానన్నాను.

ఇంటికొచ్చి చదివితే రెండింటికీ చరిత్ర ఉంది. వెనీలా వాసననిచ్చే వెనిలిన్‌ను 1874లో జర్మనీలో ప్రయోగశాలలో తయారుచేశారు. పారిస్ గెర్లాన్ వాళ్ల షాలిమార్ (1925)లో ముఖ్యమైన వాసన అదే. పీచుమిఠాయి వాసన ఇథైల్ మాల్టాల్‌ది. దాన్ని దండిగా వాడి 1992లో తెచ్చిన ఏంజెల్‌తోనే ఈ తీపి సెంట్ల వరస మొదలైందంటారు.

మనకు మాత్రం కొత్తా? బి.ఏ.లో చదివిన అవచి తిప్పయ్యసెట్టి గుర్తొచ్చాడు. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆయనకే. కర్పూరం ఒంటికి పూసే గంధంలోనూ, నమిలే తాంబూలంలోనూ పడేది. ఇప్పటికీ లడ్డూలో పచ్చకర్పూరం వేస్తాం కదా!

జమ్మలమడుగులో మా అమ్మ చీరల పెట్టెలో పచ్చకర్పూరం పొట్లం ఉండేది. అమ్మ పోయి ఆరేళ్లు. గుళ్లో లడ్డూ చేతిలో పెడితే దేవుడికన్నా ముందు అమ్మే గుర్తొస్తుంది.

రాత్రికి పీచుమిఠాయి వాసన గదంతా నిండింది. వెనీలా, పాప నా పక్కన ఆనుకుని కూర్చుంటే తప్ప తెలియలేదు. అదే తీసుకోమన్నాను.

వచ్చే నెల పాప పులివెందులకు కాపురానికి పోతుంది. పెట్టెలో సెంటు సీసా పక్కన ఒక పచ్చకర్పూరం పొట్లం కూడా పెట్టినాను.