నీళ్ళుండీ బీడు

2011 జూన్. ఆకుమళ్ళు పోసే రోజులు. అమలాపురం చుట్టుపక్కల చాలా ఊళ్ళలో నాగలి, ట్రాక్టరు దేనికీ పని లేదు. కాలవగట్టున ఎవరు ఎదురుపడినా ఇదే మాట.

“ఏరా, ఆకుమడి పోశావా?”

“లేదు బాబాయ్. పోస్తే మాత్రం? కోతలకి మునిగిపోద్దిగా!”

అంతకు ముందు డిసెంబరు వానలకు ఓదెల మీదే గింజ మొలకెత్తింది. చేలో నీరు దిగితే కదా! మురుక్కాలవ పైన చూస్తే గుర్రపుడెక్క, కింద మోకాలు దిగబడే పూడిక. సముద్రం దగ్గర మొగ ఇసుకతో మూసుకుపోతే నీరు వెళ్ళదు. పోటొస్తే ఉప్పునీరు ఎదురెక్కుతుంది. పట్నం మురుగు చేరేదీ ఆ కాలవల్లోకే.

1852లో గోదావరి మీద కాటన్ ఆనకట్ట పూర్తయింది. అప్పటినుంచీ కోనసీమకు నీరు తెచ్చే కాలవ గురించే అందరి ఆరాటం. నీరు తీసే కాలవ ఎవరికి పట్టింది? పూడిక తీయాలన్నా, లాకులు బాగుచేయాలన్నా కాలవలు కట్టేయాలి. వేసవిలో దొరికేవి కొద్ది వారాలే. టెండర్లు తేలేసరికి తొలకరి వచ్చేస్తుంది. పని గట్టిగా జరగాలంటే ఒక దాళ్వా, అంటే రెండో పంట, వదులుకోవాలి. ఆ పంట డబ్బు ముందే రైతు చేతిలో పెట్టి అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. అలా అడిగే నాయకుడే కరువు. గట్టు ఆక్రమించినవాడి జోలికి వెళ్ళాలన్నా ఓటు గుర్తొస్తుంది.

నీళ్ళు ఆలస్యమైతే ఊడ్పులు ఆగస్టులోకి జారతాయి, కోతలు తుఫాన్ల నెలల్లో పడతాయి. దానికి తోడు అప్పట్లో ధాన్యానికి క్వింటాకు 1,080 రూపాయల మద్దతు ధర, 2008 నుంచి మామూలు బియ్యం ఎగుమతిపై నిషేధం. కూలి, ఎరువు ఖర్చులు మాత్రం పెరుగుతూనే వచ్చాయి. ఆ సార్వాకు, అంటే తొలకరి పంటకు, లక్ష ఎకరాలకు అటూ ఇటూగా బీడు పడింది. క్రాప్ హాలిడే అన్న మాట దేశమంతా మోగింది. సొంత చేను లేని ఊడ్పు కూలీలకు మాత్రం ఆ సెలవు పస్తులే. వాళ్ళ మాట ఎక్కువమంది ఎత్తలేదు, అది నన్నిప్పటికీ బాధపెడుతుంది.

అప్పటి ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం ఈ క్రాప్ హాలిడేపై మోహన్ కందా కమిటీ వేసింది. సెప్టెంబరులో కేంద్రం ఎగుమతి నిషేధం ఎత్తేసింది.

2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా అయింది. రెండు నెలలకే, జూన్‌లో, రైతులు మళ్ళీ సార్వా వేయబోమన్నారు. వాళ్ళ కోరికల్లో మురుక్కాలవల పూడికతీత మళ్ళీ ఉంది.