ధ్యానమఠ జీవనం – ప్రయోజన వివాదం (1790–1927)

కతోలిక శ్రీసభలోని సన్యాస సంఘాలు స్థూలంగా రెండు విధాలు. బోధన, వైద్యం, సువార్త ప్రచారం వంటి బాహ్యసేవకు అంకితమైనవి కొన్ని. మఠప్రాకారం దాటక ప్రార్థన, మౌనం, కాయకష్టాలతో జీవించేవి మరికొన్ని. 1084లో బ్రూనో ఆరంభించిన కార్తూసియన్ సంఘం, 16వ శతాబ్దిలో ఆవిలా తెరేసా సంస్కరించిన కార్మెల్ సంఘం రెండో కోవలోనివి. వీటివల్ల లోకానికి ప్రయోజనమేమిటన్న ప్రశ్న ఫ్రాన్సు విప్లవకాలంలో రాజ్యవిధానంగా పరిణమించింది.

1790 ఫిబ్రవరి 13న ఫ్రెంచి రాజ్యాంగసభ శాశ్వత సన్యాసవ్రతాలకు చట్టపరమైన గుర్తింపును రద్దుచేసింది. అవి వ్యక్తిస్వేచ్ఛకు విరుద్ధమన్నది ప్రకటిత హేతువు. అయితే విద్యాలయాలు, వైద్యశాలలు నడిపే సంఘాలకు తాత్కాలికంగా మినహాయింపు లభించింది. స్వేచ్ఛతోపాటు ఉపయోగిత కూడా ఇక్కడ కొలమానమైందని ఈ మినహాయింపే చెబుతుంది.

కాంపియేన్ పట్టణంలోని కార్మెల్ మఠం ఈ రెండు వాదాలకూ పరీక్షగా నిలిచింది. అధికారులు ఒక్కొక్కరినీ విడిగా ప్రశ్నించినప్పుడు కన్యాస్త్రీలు మఠంలోనే ఉంటామన్నారు. స్వేచ్ఛ పేరిట తెరచిన ద్వారాన్ని వారు స్వేచ్ఛగానే నిరాకరించారు. 1792 సెప్టెంబరులో మఠం నుంచి వెళ్లగొట్టినా, చిన్న బృందాలుగా వేర్వేరు ఇళ్లలో ఉంటూ తమ నియమాన్ని పాటించారు; దేశశాంతికై తమను ఆహుతిగా సమర్పించుకుంటూ అనుదినం ప్రార్థించారు. ప్రతివిప్లవ సమావేశాలు జరిపారన్న ఆరోపణపై 1794 జులై 17న పారిస్‌లో 16 మందికి శిరచ్ఛేదం జరిగింది. పది రోజులకు రోబెస్పియర్ పతనమయ్యాడు. ఈ రెంటికీ భక్తులు చూసే కార్యకారణ సంబంధాన్ని చరిత్ర నిరూపించలేదు. నిరూపించగలిగింది మరొకటి: నాలుగేళ్ల కిందట నిరర్థకమనిపించిన జీవనమే రాజ్యానికి ప్రమాదకరంగా తోచింది.

శ్రీసభ సమాధానం 20వ శతాబ్దిలో స్పష్టరూపం దాల్చింది. 1924లో 11వ పయస్ పోపు కార్తూసియన్ నియమావళిని ఆమోదిస్తూ, ధ్యానజీవులు శ్రీసభ వృద్ధికి ప్రత్యక్ష సేవకులకన్నా ఎక్కువగా తోడ్పడతారన్నాడు. 1927లో ఆయనే లిజియో తెరేసాను, అంటే తెలుగు కతోలికుల చిన్న తెరేజమ్మను, ఫ్రాన్సిస్ శౌరితో సమానంగా వేదప్రచారానికి పాలకపునీతగా ప్రకటించాడు. 1888లో 15వ ఏట మఠంలో చేరి, 24వ ఏట అక్కడే మరణించిన ఆమె ఏ వేదప్రచార క్షేత్రాన్నీ చూడలేదు. విశ్వాసులందరూ క్రీస్తు శరీరంలో అవయవాలు గనుక ఒకరి ప్రార్థన అందరికీ చెందుతుందన్న సిద్ధాంతమే ఈ ప్రకటనకు ఆధారం.

అయితే ఈ సమాధానం కూడా కొంతమేర ప్రయోజన పరిభాషలోనే సాగింది. మఠ సంప్రదాయంలో ప్రార్థన ఫలసాధనం కాదు; దైవాన్ని దైవం కోసమే ఆరాధించడం. లోకానికి కలిగే మేలు దానికి ఫలితమే గాని హేతువు కాదు. ఈ భేదాన్ని విస్మరిస్తే, ధ్యానమఠాన్ని సమర్థించేవారు సైతం 1790 నాటి కొలమానాన్నే అంగీకరించినవారవుతారు.