లిటిల్ గిడ్డింగ్: ఒక కుగ్రామము, ఒక కుటుంబ ప్రార్థన

ఇంగ్లాండులోని కేంబ్రిడ్జ్‌షైర్‌లో, పూర్వపు హంటింగ్‌డన్‌షైర్ ప్రాంతమందు, లిటిల్ గిడ్డింగ్ అనే కుగ్రామం ఉంది. కొద్దిపాటి ఇళ్లు, పొలాలు, ఒక చిన్న ఆలయం మాత్రమే అక్కడ కనిపిస్తాయి. అయినను 17వ శతాబ్దపు ఆంగ్లికన్ సంఘ చరిత్ర చదివే విద్యార్థి ఈ పల్లెను విడిచిపెట్టలేడు. కుటుంబ ప్రార్థనను జీవిత క్రమంగా చేసికొన్న ఒక గృహం అక్కడ సుమారు 30 సంవత్సరాలు నిలిచింది. అది ఎలా నిలిచింది, ఎందుకు ఆగిపోయింది అనేవి గ్రామ సంఘ కాపరులు ఆలోచించదగిన ప్రశ్నలు.

ఫెర్రార్ కుటుంబం రాకముందే ఆ ఊరు జనంలేక పాడుబడింది. ఆలయం గడ్డివామిగా, పందుల దొడ్డిగా వాడబడేది. నికొలస్ ఫెర్రార్ లండన్‌లో వర్జీనియా కంపెనీ వ్యవహారాలు చూచిన వ్యక్తి. 1624లో ఆ కంపెనీ రద్దయింది. 1625లో లండన్‌లో తెగులు వ్యాపించిన కాలంలో, ఆయన తల్లి మేరీ ఫెర్రార్ కొనిన ఈ ఎస్టేటుకు కుటుంబం తరలివచ్చింది. ఆ తల్లి మొదట బాగుచేయించినది ఆలయాన్నే. అన్యాక్రాంతమైన ఆలయ మాన్యమును కూడా ఆమె తిరిగి అప్పగించింది. 1626లో విలియం లాడ్ చేత నికొలస్ డీకన్‌గా అభిషేకించబడ్డాడు. అంతకుమించిన పదవిని ఆయన స్వీకరించలేదు.

తల్లి, అన్న జాన్, అక్క సుసన్నా కొల్లెట్, ఆమె పిల్లలు, పనివారు కలిసి సుమారు 30 మంది అక్కడ జీవించారు. దినమునకు మూడుసార్లు ఆలయంలో ఆరాధన జరిగేది. ఇంటిలో గంటగంటకు వంతుల చొప్పున ప్రార్థించి, కీర్తనల గ్రంథమంతయు ప్రతిదినము పఠించేవారు. నాలుగు సువార్తలను కత్తిరించి, ఒకే వృత్తాంతంగా అతికించిన సంపుటాలను ఇంటి స్త్రీలు సిద్ధపరచారు. వాటిలో ఒకటి 1635లో చార్లెస్ రాజుకు ఇవ్వబడింది. పావురాల గూడును బడిగా మార్చారు. చుట్టుప్రక్కల పిల్లలు కీర్తన కంఠస్థం చేస్తే ఒక పెన్నీ, ఆదివారం భోజనం ఇచ్చేవారు. రోగులకు మందులిచ్చేవారు. జార్జ్ హెర్బర్ట్ మరణానికి ముందు తన కవితల వ్రాతప్రతిని నికొలస్‌కే పంపగా, అది 1633లో అచ్చయింది.

ఈ జీవితాన్ని అందరూ మెచ్చుకోలేదు. 1641లో వెలువడిన ఒక కరపత్రం దీనిని సన్యాసినుల మఠమని నిందించింది. వాస్తవానికి అక్కడ మఠ ప్రమాణాలు లేవు. అది తల్లి, పిల్లలు, మనుమలు ఉన్న గృహము.

నికొలస్ 1637 డిసెంబరు 4న ప్రభువునందు నిద్రించాడు. జాన్, సుసన్నా ఆ క్రమాన్ని కొనసాగించారు. 1657లో వారిద్దరూ మరణించగా అది ముగిసింది. లోయి, యునీకేలలో నివసించిన విశ్వాసము వంటిది (2 తిమోతి 1:5) ఆ ఇంటిలో సమృద్ధిగా ఉంది. అయితే 2 తిమోతి 2:2లో పౌలు ఆజ్ఞాపించిన అప్పగింత కుటుంబపు గడప దాటలేదని నా అభిప్రాయం. పొరుగు పిల్లలు కీర్తనలు నేర్చుకొన్నారు గాని, ప్రార్థన బాధ్యతలో భాగస్థులు కాలేదు.

ఒకే విశ్వాసుల కుటుంబంపై ఆధారపడి నడిచే గ్రామ సంఘాలు మనకు అనేకం ఉన్నాయి. అటువంటి ఇంటిని బట్టి దేవుని స్తుతించుదము. ఆ కుటుంబం బలంగా ఉన్న దినములలోనే, ప్రార్థన నడిపించే పనిని దాని వెలుపలివారికి కూడా నేర్పించడం కాపరి బాధ్యత.