మనోవ్యాకులత – బల్ఖ్ పండితుని వైద్యం

సాలూరు లారీల ఊరు. కొరాపుట్ వైపు ఘాటు రోడ్డు ఎక్కిన బండి కోసం ఇంటివారు రాత్రంతా ఎదురుచూస్తారు. వాయిదాల బాకీ, నిద్రలేమి, మలుపుల భయం కలిసి మనిషిని తొలిచినప్పుడు అతడు "గుండె దడ, కడుపులో మంట" అంటాడు. అది విని "నీ ఈమాన్ బలహీనపడింది" అని మందలించే పెద్దలు మనలో లేకపోలేదు. ఈ మందలింపు న్యాయమేనా? చరిత్రను అడిగి చూద్దాం.

హజ్రత్ ఖదీజా (రజి), పెంచి పెద్దచేసిన అబూ తాలిబ్ సుమారు క్రీ.శ. 619లో కొద్దికాలం తేడాతో కన్నుమూశారు. ఆ ఏడాదిని మన చరిత్రకారులు 'ఆముల్ హుజ్న్', అనగా దుఃఖ సంవత్సరం అన్నారు. దుఃఖమే ఈమాన్ లోపమైతే దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) జీవితచరిత్రలో ఆ పేరు నిలిచేదే కాదు.

తరువాతి కాలంలో ఈ విషయాన్ని శాస్త్రంగా పరిశీలించినవారు అబూ జైద్ అల్ బల్ఖీ. నేటి అఫ్ఘానిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతంలో జన్మించి, బాగ్దాద్‌లో అల్ కిందీ వద్ద విద్య నేర్చి, 934లో మరణించారు. ఆయన గ్రంథం 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్' రెండు భాగాలు: మొదటిది దేహారోగ్యం, రెండవది మనో ఆరోగ్యం. ఒకటి చెడితే రెండవదీ చెడుతుందని ఆయన సిద్ధాంతం. కోపం, భయం, దుఃఖం, వస్‌వాస్‌లను వేరువేరుగా చర్చించారు. దుఃఖాన్ని సైతం రెండుగా విభజించారు: కారణం తెలిసినది, తెలియనిది. రెండవదానికి మూలం దేహంలోనే ఉండవచ్చును గనుక దేహానికీ చికిత్స అవసరమన్నారు. ఇంట్లో మందులు దాచుకున్నట్లే, మనస్సు నెమ్మదిగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలు కూడబెట్టుకొని కష్టకాలంలో వాడుకోవాలన్నది ఆయన సలహా.

యూనానీ వైద్యులు కూడా ఆరోగ్యానికి అవసరమైన ఆరింటిలో గాలి, ఆహారం, నిద్రలతోపాటు మనస్సు కదలికను, విశ్రాంతిని చేర్చారు. 1936లో హాన్స్ సెల్యే ఎలుకలపై పరిశోధించి, బాధ ఏదైనా అడ్రినల్ గ్రంథులు ఉబ్బడం, కడుపులో పుండ్లు పడడం వంటి మార్పులు ఒకే తీరున కలుగుతాయని ప్రకటించారు. కడుపు మంటకూ మనస్సుకూ సంబంధమున్నదని ఆధునిక శాస్త్రమూ అంగీకరించిందన్నమాట.

అనువాదకునిగా ఒక మాట. అరబీలో రానున్నదాని గురించిన బెంగ 'హమ్మ్', గడచినదాని గురించిన బాధ 'హుజ్న్'. రెంటినీ తెలుగులో ఒకే 'చింత'గా రాస్తే రోగమే మరుగున పడుతుంది. ఘాటు రోడ్డు డ్రైవరుది హమ్మ్. అతనికి కావలసినవి నిద్ర, చెప్పుకొనేందుకు ఒక తోడు, అవసరమైతే వైద్యుడు, వీటన్నిటితోపాటు నమాజు, దుఆ. మందలింపు మాత్రం ఈ జాబితాలో లేదు.